ఏ మసాజ్ దేనికి? పేర్ల వెనక చేతులు చేసే పని

క్లుప్తంగా: మసాజ్ పద్ధతుల మధ్య అసలు తేడా అయిదు విషయాల్లో ఉంటుంది: ఒత్తిడి ఎంత, ఏ దిశలో, ఎంత వేగంగా, నూనెతోనా పొడిగానా, ఎంతసేపు. మామూలు నడుం నొప్పి, మెడ నొప్పి విషయంలో పద్ధతి పేరు కన్నా ఎంతసేపు, ఎన్నిసార్లు చేయించుకున్నారన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. లింఫ్ (కణాల మధ్య చేరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే ద్రవం) నిలిచిపోయి వచ్చే వాపుకు మాత్రం పద్ధతి తప్పితే ఫలితమూ తప్పుతుంది. కాలి సిరలో రక్తపు గడ్డ, పెళుసు ఎముకలు, రక్తం పలచబరిచే మందులు ఉన్నవారికి గట్టి మసాజ్ ప్రమాదం.

స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్, షియాట్సు, అభ్యంగం, లింఫ్ డ్రైనేజ్, హాట్ స్టోన్, రిఫ్లెక్సాలజీ. మసాజ్ కేంద్రాల పట్టికల్లో ఈ పేర్లు వరసగా కనిపిస్తాయి. ప్రతి పేరు కింద రాసే ప్రయోజనాలు మాత్రం దాదాపు ఒకటే: రక్తప్రసరణ మెరుగుపడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఒంట్లో విషాలు బయటికి పోతాయి. అన్నీ ఒకే పని చేసేట్టయితే ఇన్ని పేర్లు దేనికి? వేరువేరు పనులు చేసేట్టయితే ఏది ఎవరికి? కొన్ని ఇబ్బందులకు పద్ధతి మార్చినా ఫలితం మారదు. కొన్నిటికి పద్ధతి మారితే మేలు పోయి కీడు వస్తుంది. ఏవి ఏ కోవలోకి వస్తాయో తేల్చాలంటే చేతులు ఏం చేస్తున్నాయో ముందు చూడాలి.

## అయిదు కదలికలు

స్వీడిష్ మసాజ్‌కు స్వీడన్‌తో ఉన్న చుట్టరికం అనుకున్నంత దగ్గరిది కాదు. స్టాక్‌హోమ్‌లో 1813లో వ్యాయామ విద్యాసంస్థ స్థాపించిన పెర్ హెన్రిక్ లింగ్ పేరుతో ఇది ముడిపడిపోయింది గానీ, ఇప్పుడు నేర్పుతున్న కదలికల వర్గీకరణ నెదర్లాండ్స్ వైద్యుడు యోహాన్ గెయోర్గ్ మెజ్గర్ (1838-1909) నుంచి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. ఆ కదలికలు అయిదు: నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, అదరేలా ఊపడం.

పిక్క మీద ఇవి ఎలా నడుస్తాయో చూస్తే మిగతా ఒళ్లంతా అర్థమవుతుంది. బోర్లా పడుకున్నవారి చీలమండ కింద చుట్టిన తువాలు పెడితే మోకాలు కాస్త వంగి పిక్క కండరం వదులవుతుంది. ఒక చెంచా నూనె చాలు. చీలమండ నుంచి మోకాలి దాకా అరచేయి మొత్తం ఆనించి అయిదారుసార్లు నిమరాలి. పైకి వెళ్లేటప్పుడు బరువు వేయాలి, తిరిగొచ్చేటప్పుడు తాకీ తాకనట్టు రావాలి. మోకాలి వెనక గుంట దగ్గర రక్తనాళాలు, నరాలు చర్మానికి చేరువలో ఉంటాయి కాబట్టి అక్కడ చేయి తేలిపోవాలి. ఆ తర్వాత కండరాన్ని ఎముక మీంచి పైకి ఎత్తినట్టు పట్టి, రెండు చేతులతో మార్చి మార్చి పిసుకుతారు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. కండరం బదులు చర్మం మాత్రమే వేళ్ల మధ్యకు వస్తుంది, అవతలివారికి గిల్లినట్టుంటుంది. బిగువు తగిలిన చోట బొటనవేలితో చిన్న చిన్న వలయాలుగా రుద్ది, మళ్లీ నిమరడంతో ముగిస్తారు. తట్టడం, ఊపడం ఒంటిని మేల్కొలిపే కదలికలు. నిద్ర పట్టడానికి చేయించుకునే మసాజ్‌లో వాటిని వదిలేయడమే మంచిది.

బల్ల ఎత్తు కూడా మసాజ్‌లో భాగమే. చేసేవారు బల్ల పక్కన నిటారుగా నిలబడి చేతులు వేలాడదీస్తే పిడికిలి కణుపులు బల్లను తాకాలి. ఎత్తు ఎక్కువైతే బరువు భుజాల మీద పడుతుంది. శరీర బరువును వాడే వీలు లేక బొటనవేళ్లతోనే లాగించేస్తారు. ఈ వృత్తిలో బొటనవేలి మొదటి కీలు అరిగిపోవడం ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం.

## లోపల జరిగేదేమిటి

మసాజ్ వల్ల లాక్టిక్ ఆమ్లం బయటికి పోతుందన్న మాట చాలా ప్రచారంలో ఉంది. వ్యాయామం ఆగాక లాక్టేట్ (ఒంట్లో ఆ ఆమ్లం ఉండే రూపం) దానంతటదే గంటసేపట్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి అది కారణమే కాదు. 2010లో వెలువడిన ఒక కెనడా పరిశోధనలో, వ్యాయామం తర్వాత చేసిన మసాజ్ కండరంలోకి రక్తప్రవాహాన్ని కాసేపు తగ్గించి, లాక్టేట్ తొలగింపును నెమ్మదింపజేసిందని తేలింది. చేయి గట్టిగా నొక్కినప్పుడు కింది రక్తనాళాలు కూడా నొక్కుకుపోతాయి మరి. 2012లో మరో బృందం 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాల మసాజ్ ఇచ్చి, రెండు కాళ్ల కండరాల ముక్కలనూ పరీక్షించింది. లాక్టేట్‌లో తేడా లేదు. మసాజ్ చేసిన కాలిలో వాపుకు దారితీసే రసాయన సంకేతాలు మాత్రం తగ్గాయి. క్రీడాకారులు హాయిగా ఉందనడం అబద్ధం కాదు, దానికి చెప్పుకునే కారణమే తప్పు. పదకొండు మంది అంటే చిన్న లెక్కే కాబట్టి దీన్ని తుదితీర్పుగా పట్టుకోకూడదు.

'విషాలు పోవడం' అన్న మాటకు కూడా ఆధారం లేదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి.

నొప్పి తగ్గడానికి అసలు కారణం ఎక్కువగా నరాల దగ్గర ఉంది. దెబ్బ తగిలిన చోటును అప్రయత్నంగా చేత్తో రుద్దుకుంటాం కదా, అదే సూత్రం. స్పర్శను మోసే లావు నరాల సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని రోనల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. వివరాలు తర్వాత మారినా మూల ఆలోచన నిలిచింది. దీనికి తోడు వెంట్రుకలున్న చర్మంలో నెమ్మది స్పర్శకే స్పందించే సన్నని నరపోగులున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెత్తగా నిమిరితే అవి బాగా చురుగ్గా ఉంటాయి, హాయి అనిపించేదీ ఆ వేగంలోనే. ముంజేయి పొడవు నిమరడానికి అయిదారు సెకన్లు తీసుకునే చేయి హాయినిస్తుంది. అదే దూరాన్ని అర సెకనులో ముగించే చేతికి ఆ ఫలితం రాదు.

ఆందోళన తగ్గుతుందనడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ భారీగా పడిపోతుందన్న వాదన మాత్రం 2011 నాటి విస్తృత సమీక్షలో నిలబడలేదు. తగ్గుదల ఉన్నా లెక్కలోకి రానంత చిన్నది.

## డీప్ టిష్యూ: గట్టితనం, లోతు ఒకటి కాదు

ఎక్కువ బలం వాడితే లోతుకు చేరుతుందన్నది తేలిగ్గా నమ్మబుద్ధేసే పొరపాటు. పైకండరం నొప్పికి బిగుసుకుంటే దాని కింది కండరానికి దారే ఉండదు. అందుకే ఈ పద్ధతిలో మొదటి 10 నిమిషాలు స్వీడిష్ లాగే నడవాలి. ఆ తర్వాత నూనె బాగా తగ్గిస్తారు, ఒక్కోసారి కొన్ని చుక్కలే. నూనె ఎక్కువైతే చేయి జారిపోతుంది తప్ప పట్టు దొరకదు. ముంజేయి గానీ పిడికిలి కణుపులు గానీ ఆనించి, శరీర బరువును మెల్లగా వాల్చి, కండరం వదులైన మేరకే ముందుకు జరుగుతారు. వెన్ను పక్కనున్న కండరం వెంట నడుం నుంచి భుజం దాకా ఒక్కసారి వెళ్లడానికి నిమిషం పట్టినా తొందరేం లేదు.

నొప్పిని 10 అంకెల కొలబద్ద మీద అడుగుతూ ఉండటం మంచి అలవాటు. 5, 6 దగ్గర ఉండి ఊపిరి మామూలుగా ఆడుతుంటే సరే. ఊపిరి బిగపట్టినా, కాలి వేళ్లు ముడుచుకున్నా, నోటితో 'పరవాలేదు' అంటున్నా ఒత్తిడి తగ్గించాల్సిందే.

ఇక 'ముడులు'. వేలికి గట్టిగా తగిలే చోట నొక్కితే నొప్పి వేరే చోటికి పాకుతుంది. భుజం పైభాగంలో నొక్కితే కణతలో నొప్పి రావడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ ఈ నొప్పి పటాలను వివరంగా నమోదు చేసి 1983లో ప్రచురించారు. ఆ చోటును 30 నుంచి 90 సెకన్లు నొక్కి పట్టి, నొప్పి సగానికి తగ్గాక వదలడం వాడుకలో ఉన్న పద్ధతి. ఉపశమనం వస్తుంది. ఆ ముడి నిజంగా ఏమిటన్న దానిపై మాత్రం వివాదం తెగలేదు. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒకే చోట వేలు పెట్టడం అరుదు.

కండరాల చుట్టూ ఉండే ఫేషియా పొరను చేత్తో సాగదీసి పొడవు పెంచుతామన్న మాటా ఇలాంటిదే. తొడ పక్కనున్న దళసరి పొరనూ, అరికాలి పొరనూ 1 శాతం కదిలించాలన్నా చేతులు ఇవ్వగలిగే బలం చాలదని 2008లో ఒక గణిత నమూనా చూపింది. మసాజ్ తర్వాత వదులైనట్టు అనిపించడానికి కారణం పొర సాగడం కాకపోవచ్చు. నాడీవ్యవస్థ కండరం బిగువును సడలించడమే అందుకు దగ్గరి వివరణ.

## నూనె లేకుండా, బట్టల మీదే

థాయ్ మసాజ్ నేల మీద పరుపు వేసి, వదులు బట్టలతోనే చేస్తారు. అరచేతులు, మోచేతులు, మోకాళ్లు, పాదాలు అన్నీ వాడతారు. నొక్కడంతో పాటు సాగదీయడం సగం పని. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో థాయ్ రాజు మూడో రామ కాలంలో చెక్కించిన రాతిపలకల మీద నొక్కాల్సిన రేఖలు, బిందువులు కనిపిస్తాయి. ఈ విద్యను యునెస్కో 2019లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కీళ్లు పట్టేసినట్టుండి, గంటల తరబడి కూర్చుని పనిచేసేవారికి సాగదీసే భాగం ఉపయోగం. సయాటికా (నడుం నుంచి కాలికి పాకే నరాల నొప్పి), డిస్క్ జారడం, కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగినవారికి అదే భాగం ప్రమాదం. తొడను ఛాతీ మీదికి నొక్కి మెలిపెట్టే భంగిమ కృత్రిమ తుంటి కీలును దాని చోటు నుంచి జార్చగలదు.

షియాట్సులో సాగదీయడం తక్కువ, నిలువుగా నొక్కడం ఎక్కువ. జపనీస్‌లో ఆ మాటకు అర్థమే వేలి ఒత్తిడి. 1940లో టోక్యోలో పాఠశాల పెట్టిన తొకుజిరో నమికోషి దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. బొటనవేలు చర్మానికి లంబంగా ఆనించి, కొన్ని సెకన్లు నిలిపి, వచ్చిన నెమ్మదితోనే వదులుతారు. చైనా తుయ్‌నాలో నెట్టడం, లాగడం, చేతి వెనక భాగాన్ని దొర్లించడం ఉంటాయి, వేగం ఎక్కువ. శక్తి ప్రవాహ మార్గాలని ఈ విద్యలు చెప్పే వాటికి సమానమైన నిర్మాణం శరీరశాస్త్రానికి దొరకలేదు. అంతమాత్రాన నొక్కుడు పనిచేయదని అనలేం. వాటి వివరణను నమ్మనివారికి కూడా ఉపశమనం కలుగుతూనే ఉంది.

## అభ్యంగం: ఒత్తిడి కన్నా నూనెకే పెద్దపీట

ఆయుర్వేద అభ్యంగంలో లెక్క తారుమారవుతుంది. స్వీడిష్‌కు రెండు మూడు పెద్ద చెంచాల నూనె సరిపోతే, దీనికి 100 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. గోరువెచ్చని నువ్వుల నూనె గానీ, మూలికలతో కాచిన తైలం గానీ వాడతారు. చేతులు, కాళ్ల పొడవునా నిలువు కదలికలు, కీళ్ల దగ్గర గుండ్రటివి, పొట్ట మీద కుడి నుంచి ఎడమకు తిరిగే వలయాలు. పెద్దపేగు దారీ ఆ దిశలోనే ఉంటుంది. తల, చెవులు, పాదాలకు ప్రత్యేకంగా పట్టించాలనీ, అజీర్ణం ఉన్నప్పుడు, కఫం హెచ్చినప్పుడు, శోధన చికిత్స (వాంతులు, విరేచనాలు చేయించడం లాంటిది) అయిన వెంటనే వద్దనీ ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు చెప్పాడు. చేయకూడని సందర్భాలను అప్పుడే గుర్తించి రాయడం గమనించదగ్గది.

నూనె ఎముక దాకా ఇంకుతుందన్నది అతిశయోక్తి. చాలా మటుకు చర్మపు పైపొరలోనే నిలుస్తుంది. ఆ పైపొర నుంచి తేమ ఆవిరైపోకుండా కాపాడటమే చెప్పుకోదగ్గ లాభం, పొడిచర్మం ఉన్నవారికి ఆ తేడా కొన్ని రోజుల్లోనే కనిపిస్తుంది. కొత్త తైలాన్ని మోచేతి మడతలో ఒక చుక్క రాసి 24 గంటలు చూడటం మంచిది. గింజల అలర్జీ ఉన్నవారు సీసా మీద ఏముందో చదవకుండా వాడకూడదు.

## లింఫ్ డ్రైనేజ్: ఇక్కడ బలం పనికిరాదు

పద్ధతి నిజంగా నిర్ణయాత్మకమయ్యేది ఇక్కడ. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్, ఎస్ట్రిడ్ వోడర్ దంపతులు దీన్ని 1930లలో ఫ్రాన్స్‌లో రూపొందించి 1936లో ప్యారిస్‌లో పరిచయం చేశారు. లింఫ్ సూక్ష్మనాళాలు చర్మం కిందే ఉంటాయి. వాటి గోడలకు సన్నని దారాల లాంటి పోగులు అతుక్కుని ఉంటాయి. చర్మాన్ని మెల్లగా పక్కకు సాగదీస్తే ఆ పోగులు లాగి నాళం నోరు తెరుస్తాయి, చుట్టూ ఉన్న నీరు లోపలికి చేరుతుంది. గట్టిగా నొక్కితే తెరవాల్సిన నాళమే మూసుకుపోతుంది. కాబట్టి వేళ్లు చర్మం మీద జారకూడదు, చర్మంతో పాటే కదలాలి. నూనె వాడరు. ఒక చోట 5 నుంచి 7 సార్లు, సెకనుకు ఒకటి చొప్పున సాగదీసి, అంతే నెమ్మదిగా వదలాలి.

క్రమం కూడా తలకిందులుగా ఉంటుంది. చేయి వాచినా పని మెడ దగ్గర, కాలర్ ఎముక పైగుంటలో మొదలవుతుంది. ముందు దారి ఖాళీ చేస్తేనే వెనకున్న నీరు కదులుతుంది. అందుకే భుజం, పైచేయి, మోచేయి, ముంజేయి, చివరికి వేళ్లు. వేళ్ల నుంచి మొదలుపెట్టి పైకి నెట్టుకొచ్చేవారికి ఈ విద్యలో శిక్షణ లేదని అనుకోవచ్చు.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చేయి వాచినవారికి ఇది ఒంటరిగా సరిపోదు. వెంటనే బిగుతు కట్లు వేయాలి. కట్టు లేకపోతే దిగిన నీరు మళ్లీ చేరుతుంది. చర్మ సంరక్షణ, తేలికపాటి వ్యాయామం కూడా చికిత్సలో భాగాలే. గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి, చర్మం ఎర్రబడి జ్వరం ఉన్నవారికి చేయకూడదు. నీరు ఒక్కసారిగా రక్తంలోకి చేరితే గుండె మీద భారం పడుతుంది.

## పాదాల పటం, వేడి రాళ్లు

అరికాలిలో ఒక్కో చోటు ఒక్కో అవయవానికి చెందుతుందనే రిఫ్లెక్సాలజీ పటం ఇరవయ్యో శతాబ్దపు అమెరికా నుంచి వచ్చింది. విలియం ఫిట్జ్‌జెరాల్డ్ శరీరాన్ని మండలాలుగా విభజించగా, 1930లలో యూనిస్ ఇంగమ్ వాటిని పాదాల మీదికి తెచ్చారు. పాదం నొక్కించుకుంటే హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. కాలేయం బిందువు నొక్కితే కాలేయం బాగుపడుతుందనడానికి ఆధారం లేదు.

హాట్ స్టోన్‌లో చూడాల్సింది ఉష్ణోగ్రతే. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర చర్మం కాలడానికి సుమారు 5 సెకన్లు చాలని 1940ల నాటి ప్రయోగాలు తేల్చాయి. 44 డిగ్రీల దగ్గర దాదాపు 6 గంటలు పడుతుంది. కదులుతున్న రాయికీ, వెన్ను మీద పెట్టి వదిలేసిన రాయికీ తేడా ఇదే. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు కాలుతోందని చెప్పలేరు, వారికి ఈ పద్ధతి వద్దు.

## పేరు కన్నా సమయమే ముఖ్యం

దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 401 మందిని మూడు గుంపులుగా విడదీసి చేసిన అమెరికా అధ్యయనం 2011లో వచ్చింది. ఒక గుంపుకు హాయినిచ్చే మామూలు మసాజ్, రెండో గుంపుకు కండరాల అమరికను సరిదిద్దుతామనే ప్రత్యేక మసాజ్, వారానికొకటి చొప్పున 10 సార్లు. మూడో గుంపుకు మామూలు వైద్యమే. పదో వారానికి రెండు మసాజ్ గుంపులూ మూడో గుంపు కన్నా మెరుగ్గా ఉన్నాయి. ఆ రెండింటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రత్యేక పద్ధతి పేరుతో ఎక్కువ వసూలు చేసే చోట ఈ ఫలితం గుర్తు పెట్టుకోవాలి.

సమయం మార్చినప్పుడు తేడా కనిపించింది. మెడ నొప్పి ఉన్న 228 మంది మీద నాలుగు వారాలు జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, 30 నిమిషాల మసాజ్ వారానికి మూడుసార్లు చేయించుకున్నా, ఏమీ చేయించుకోనివారి కన్నా స్పష్టమైన మెరుగు కనిపించలేదు. 60 నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు చేయించుకున్నవారికి మెరుగు వచ్చింది. మోకాలి కీళ్ల అరుగుదలకు వారానికొక 60 నిమిషాల స్వీడిష్ మసాజ్, 8 వారాల పాటు, అనుకూలమైన మోతాదని 2012లో మరో బృందం తేల్చింది. ఈ ఉపశమనం శాశ్వతం కాదు. నెలలు గడిచేకొద్దీ తేడా కరిగిపోతుంది. నడుం నొప్పిపై ఆధారాల నాణ్యత తక్కువేనని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష కూడా హెచ్చరించింది.

మసాజ్‌ను వ్యాయామానికి బదులుగా చూడటం కన్నా, వ్యాయామం మొదలుపెట్టగలిగేంతగా నొప్పి తగ్గించుకునే సాధనంగా చూడటం నయం.

## ఎవరు ఆగాలి

ఒక కాలే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే మసాజ్ బల్ల కన్నా ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, పిసికినప్పుడు అది విడిపోయి ఊపిరితిత్తులకు చేరవచ్చు. కండరం పట్టేసిందనుకుని గట్టిగా ఒత్తించుకోవడం ఇక్కడ అత్యంత ప్రమాదకరమైన పొరపాటు. శస్త్రచికిత్స, దీర్ఘ ప్రయాణం, చాలా రోజుల మంచం తర్వాత ఈ అనుమానం ఇంకా ఎక్కువగా ఉండాలి.

రక్తం పలచబరిచే మందులు వాడేవారికి మామూలు ఒత్తిడికే ఒళ్లు కమిలిపోతుంది. ఎముకలు పెళుసైనవారికి వెన్ను మీద మోకాలు, పాదం ఆనించే పద్ధతులు పనికిరావు. గర్భిణులు పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండుతో పడుకుని, ఈ పని తెలిసినవారి చేతే చేయించుకోవాలి. మెడ ముందుభాగం, చంక, గజ్జ, చివరి పక్కటెముక కింద మూత్రపిండాల చోటు ఎవరికైనా గట్టిగా నొక్కకూడనివే. మెడను పటుక్కుమనేలా తిప్పడం మసాజ్‌లో భాగం కాదు. మెడలోని ధమని గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి.

క్యాన్సర్‌ను మసాజ్ వ్యాపింపజేస్తుందన్న భయానికి ఆధారం లేదు. కణితి ఉన్న చోటు, రేడియేషన్ తగిలిన చర్మం, మందు ఎక్కించే గొట్టం దగ్గర మాత్రం చేయి పడకూడదు.

## లేచాక

గంటసేపు పడుకుని ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. రెండు నిమిషాలు బల్ల అంచున కూర్చుని లేవాలి. డీప్ టిష్యూ తర్వాత ఒకటి రెండు రోజులు పచ్చిగా ఉండటం మామూలే. మూడో రోజుకు కూడా తగ్గకపోతే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. కండరాలు బాగా నొప్పెట్టి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండర కణాలు దెబ్బతిని వాటిలోని పదార్థం మూత్రపిండాలకు చేరుతోందని అనుమానించి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇది అరుదే గానీ గట్టి మసాజ్ తర్వాత జరిగింది.

చేసేవారికి ఇంకొకటి. నూనె పీల్చిన తువాళ్లను డ్రయ్యర్‌లో వేడిగా ఆరబెట్టి, ఆ వేడి మీదే మడిచి దొంతరగా పేర్చకూడదు. ఉతికినా పోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోలోపల వేడి పుట్టిస్తుంది. దొంతర మధ్యలో ఆ వేడి బయటికి పోయే దారి లేక, నిప్పు లేకుండానే మంట అంటుకోవచ్చు. పూర్తిగా చల్లారాక మడవాలి, నూనె కంపు పోనివాటిని పారేయాలి.